ఒక్క మాత్రా మింగకముందే మందుకు లొంగని వైరస్: హెచ్‌ఐవి చికిత్స తొలిరోజు చిక్కు

నిరోధకత అనే మాట తెలుగులో ఇరుపక్షాలకూ కాపు కాస్తుంది. రోగనిరోధక శక్తి అన్నప్పుడు మనిషి పక్షాన నిలబడుతుంది. ఔషధ నిరోధకత అన్నప్పుడు వైరస్ పక్షానికి వెళ్లిపోతుంది. ఈ పోలిక వల్లే కాబోలు, హెచ్‌ఐవి మందులు పనిచేయడం మానేసినప్పుడు “శరీరం మందుకు అలవాటుపడిపోయింది” అని చదువుకున్నవాళ్లు కూడా అంటుంటారు. అక్కడ మారింది శరీరం కాదు, శరీరంలో ఉన్న వైరస్. ఇదేదో మాటల పట్టింపులా కనిపించవచ్చు గానీ, ఈ తేడాను వదిలేస్తే అసలు విషయం చేతికి చిక్కదు. అలవాటుపడేది శరీరమే అయితే, జీవితంలో ఒక్క హెచ్‌ఐవి మాత్ర కూడా మింగని మనిషికి చికిత్స మొదలుపెట్టిన తొలిరోజే మందు పనిచేయకపోయే అవకాశం ఎక్కడినుంచి వస్తుంది? మారేది వైరస్ అని ఒప్పుకుంటే జవాబు దొరుకుతుంది: ఆ వైరస్ అంతకుముందు ఇంకొకరి శరీరంలో మందును ఎదుర్కొంది, తట్టుకుంది, ఆ తర్వాతే ఈ మనిషికి సోకింది.

ఈ జవాబు కూడా సగమే. చికిత్స “మొదలుపెడుతున్న” వారందరూ మందు ముట్టనివారే అనుకోవడం దగ్గర మిగతా సగం దాగి ఉంది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ వ్యవహారంలో మూడు మాటలు వాడుతుంది. మందులు వాడుతున్న మనిషిలోనే పుట్టే నిరోధకత ఒకటి. దాన్ని ఆర్జిత నిరోధకత అనవచ్చు. అప్పటికే లొంగకుండా ఉన్న వైరస్ సోకడం వల్ల వచ్చేది రెండోది, సంక్రమిత నిరోధకత. చికిత్సకు ముందే ఉన్న నిరోధకత మూడోది. ఈ మూడోది మొదటి రెండింటి పక్కన నిలబడే మరో కారణం కాదు. అది కొలిచే సమయానికి పెట్టిన పేరు. చికిత్స మొదలుపెట్టే రోజున, లేదా మధ్యలో ఆపేసి తిరిగి మొదలుపెట్టే రోజున, రక్తంలోని వైరస్‌ను పరీక్షిస్తే కనిపించేదంతా ఈ పేరు కిందికి వస్తుంది. ఎవరి నుంచో సోకింది, ఎప్పుడో కొన్నాళ్లు వాడి వదిలేసిన మందుల వల్ల ఈ మనిషిలోనే పుట్టింది, రెండూ అందులో కలిసే ఉంటాయి. సర్వే అంకెలను చదివేటప్పుడు జరిగే పొరపాట్లలో చాలావాటికి మూలం ఈ కలగాపులగమే.

తప్పులు చేస్తూ బతికే వైరస్

హెచ్‌ఐవి జన్యువులో దాదాపు 9,700 అక్షరాలు ఉంటాయి. వైరస్ కణంలోకి ప్రవేశించాక తన ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏగా తిరగరాసుకుంటుంది. ఆ పని చేసే రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ అనే ఎంజైము రాసినదాన్ని సరిచూసుకోదు. అందువల్ల ప్రతి కొన్ని ప్రతులకు ఒక అక్షరమైనా తప్పు పోతుంది. చికిత్స తీసుకోని మనిషిలో రోజుకు దాదాపు 1,000 కోట్ల వైరస్ రేణువులు తయారవుతాయని 1990ల మధ్యలో జరిగిన పరిశోధనలు లెక్కగట్టాయి. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూస్తే, ఆ జన్యువులో సాధ్యమయ్యే ప్రతి ఏకాక్షర మార్పూ ఏదో ఒక రేణువులో ప్రతిరోజూ జరుగుతూనే ఉంటుందని అర్థమవుతుంది. ఈ మార్పుల్లో అత్యధికం వైరస్‌కు నష్టం చేసేవే, లేదా ఏ తేడా తేనివే. కానీ ఫలానా మందు అతుక్కునే చోటును చెడగొట్టే మార్పు కూడా, ఆ మందు పేరు ఎవరూ ఎత్తకముందే, ఆ గుంపులో ఏ మూలో ఉండి తీరుతుంది. మందు ఆ మార్పును సృష్టించదు. మిగతా వైరస్‌లను అణచివేసి, దానికి చోటు ఖాళీ చేసి పెడుతుంది.

మొదటి హెచ్‌ఐవి మందు జిడోవుడిన్‌కు 1987లో అమెరికాలో అనుమతి వచ్చింది. దాన్ని కొంతకాలం వాడినవారి నుంచి తీసిన వైరస్‌లో ఆ మందుకు లొంగని లక్షణం కనిపించిందని 1989లోనే పరిశోధకులు ప్రకటించారు. 1990ల తొలి ఏళ్లలో, జిడోవుడిన్ ఎన్నడూ వాడని మనిషికి ఆ మందుకు లొంగని వైరస్ సోకిన ఉదంతాలు వైద్య పత్రికలకు ఎక్కాయి. ఒకే మందు వాడితే ఏమవుతుందో ఈ అనుభవం తేల్చి చెప్పింది. 1996 నుంచి మూడు మందులను కలిపి వాడే పద్ధతి నిలదొక్కుకోవడానికి కారణం కూడా ఈ లెక్కలోనే ఉంది: ఒక మందును తప్పించుకునే మార్పు ప్రతిరోజూ జరుగుతుంది, రెండు మందులను ఒకేసారి తప్పించుకునే జంట మార్పు అరుదు, మూడింటినీ ఒక్క దెబ్బతో తప్పించుకునే వైరస్ తయారవడం దాదాపు అసాధ్యం.

అయితే ఈ లెక్కకు ఒక షరతు ఉంది. మూడు మందులూ ఆ వైరస్ మీద నిజంగా పనిచేయాలి. మొదటిరోజే వాటిలో ఒకటి పనికిరానిదైతే, చీటీలో మూడు పేర్లు ఉన్నా వైరస్ ఎదుర్కొంటున్నది రెండింటినే. చికిత్సకు ముందు నిరోధకత అంటే అంత పట్టింపు అందుకే.

ఒక్క అక్షరం ఖరీదు

అన్ని మందులనూ తప్పించుకోవడం వైరస్‌కు ఒకే స్థాయి కష్టం కాదు. కొన్నింటిని ఒక్క మార్పుతో దాటేస్తుంది. కొన్నింటికి మూడు నాలుగు మార్పులు పోగుపడాలి, అవి పోగుపడేసరికి వైరస్ తానే నీరసించిపోతుంది. ఈ తేడాను వైద్యులు జన్యుపరమైన అడ్డుగోడ ఎత్తు అంటారు. రెండు దశాబ్దాల పాటు ప్రపంచంలో అత్యధికుల తొలి చికిత్సకు ఆధారమైన నెవిరాపిన్, ఎఫావిరెంజ్‌ల విషయంలో ఆ గోడ చాలా పొట్టిది. ఇవి ఎన్‌ఎన్‌ఆర్‌టిఐ తరగతికి చెందిన మందులు. రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ ఎంజైములో, అది పనిచేసే చోటు పక్కనే ఉన్న చిన్న గుంటలోకి దూరి, ఆ ఎంజైము కదలకుండా చేస్తాయి. ఆ గుంట దగ్గర, 103వ స్థానంలో లైసిన్ అనే అమైనో ఆమ్లానికి (ఎంజైమును కట్టే ఇటుకల్లో ఒకదానికి) బదులు ఆస్పరజీన్ వచ్చిందంటే రెండు మందులూ ఒకేసారి చేజారిపోతాయి. ఈ మార్పును కె103ఎన్ అంటారు. దానికి కావలసింది జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారడం. పైగా ఈ మార్పు వల్ల వైరస్ బలం పెద్దగా తగ్గదు.

లామివుడిన్ మందును తప్పించుకునే ఎం184వి మార్పు కథ వేరు. దానికీ ఒక్క అక్షరం చాలు, లామివుడిన్ శక్తి వందరెట్లకు పైగా పడిపోతుంది. కానీ అందుకు ప్రతిఫలంగా వైరస్ కుంటుపడుతుంది, టెనోఫోవిర్, జిడోవుడిన్‌ల వంటి తోడు మందులకు మునుపటికన్నా బాగా లొంగుతుంది. కాబట్టి “నిరోధకత ఉంది” అన్న ఒక్క వాక్యం విని కంగారుపడటం గానీ, “లేదు” అన్న వాక్యం విని ధీమాపడటం గానీ తొందరపాటే. ఏ మార్పు, ఏ మందుకు, ఎంత మేరకు అన్న మూడు ప్రశ్నలకూ జవాబు వచ్చాకనే ఆ మాటకు అర్థం ఏర్పడుతుంది. కె103ఎన్ ఒక్కటే ఉన్న వైరస్ ఎఫావిరెంజ్‌కు లొంగదు గానీ, అదే తరగతికి చెందిన రిల్పివిరిన్‌కు లొంగుతుంది. మరోవైపు, పశ్చిమ ఆఫ్రికాలో ఎక్కువగా కనిపించే హెచ్‌ఐవి-2 రకం వైరస్‌కు నెవిరాపిన్, ఎఫావిరెంజ్‌లు పుట్టుకతోనే పనిచేయవు; అక్కడ ఏ మందు ఒత్తిడీ లేదు, ఏ మార్పూ జరగలేదు, ఆ గుంట ఆకారమే వేరు.

సోకిన మార్పు కొత్త మనిషిలో ఎంతకాలం నిలుస్తుందన్నది మరింత ఆసక్తికరమైన ప్రశ్న. మందులు వాడుతూ నిరోధకత తెచ్చుకున్న మనిషి వాటిని ఆపేస్తే, కొన్ని వారాల్లోనో నెలల్లోనో మార్పులేని మూల వైరస్ తిరిగి పైకి వస్తుంది. ఎందుకంటే అది ఆ మనిషి కణాల్లో ముందునుంచీ నిద్రాణంగా దాగి ఉంది, మందు ఒత్తిడి పోగానే లేచి పోటీలో గెలుస్తుంది. సంక్రమించిన నిరోధకతలో ఆ సౌలభ్యం లేదు. లైంగికంగా సోకే హెచ్‌ఐవి చాలా సందర్భాల్లో ఒకే ఒక్క వైరస్ వంశంతో మొదలవుతుంది. ఆ ఒక్కటీ కె103ఎన్‌తో వచ్చిందంటే, పోటీకి దిగడానికి మూల వైరస్ ఆ శరీరంలో ఉండదు. మార్పు వెనక్కి పోవాలంటే మళ్లీ అక్షరం తిరగబడాలి, అలా తిరగబడినదానికి చెప్పుకోదగ్గ లాభం ఉండాలి. ఆ లాభం స్వల్పం కాబట్టి కె103ఎన్ ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతుంది, అదే రూపంలో ఇంకొకరికి సోకుతుంది కూడా. వైరస్‌ను కుంటుపరిచే ఎం184వి మాత్రం త్వరగా పరీక్షకు అందకుండా పోతుంది. అందుకే కొత్తవారి సర్వేల్లో ఎన్‌ఎన్‌ఆర్‌టిఐ నిరోధకత ఎక్కువగా, లామివుడిన్ నిరోధకత తక్కువగా కనబడటంలో కొంత భాగం సంక్రమణ తీరును చెబుతుంది, కొంత భాగం ఏది నిలుస్తుంది, ఏది చెరిగిపోతుంది అన్నదాన్ని మాత్రమే చెబుతుంది.

చెరిగిపోతూ జాడ వదిలే మార్పులు కూడా ఉన్నాయి. జిడోవుడిన్ ఒత్తిడికి అదే ఎంజైములో 215వ స్థానంలో త్రియోనిన్ అనే అమైనో ఆమ్లం టైరోసిన్‌గా మారుతుంది. ఆ మార్పు పూర్తిగా వెనక్కి రావాలంటే రెండు అక్షరాలు మారాలి. వైరస్ ఒక అక్షరం మార్చుకుని మధ్యదారిలో ఆగిపోతుంది. జిడోవుడిన్ ఎన్నడూ వాడని మనిషిలో 215వ స్థానాన ఈ మధ్యదారి రూపాలు కనిపిస్తే, ఆ వైరస్ వంశం గతంలో ఎక్కడో ఆ మందును చూసిందని తెలిసిపోతుంది. ఎండిపోయిన ఏటి ఇసుకలో పాత ప్రవాహపు చారలను చదవడం లాంటిదిది. సంక్రమిత నిరోధకతను కొలవడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ వాడే, 2009లో సవరించిన, 93 మార్పుల జాబితాలో ఈ రూపాలకు కూడా చోటు ఉంది.

మొదటిసారి కాని మొదటిసారి

చికిత్స మొదలుపెట్టేవారి వరుసలో నిలబడిన వారి గతం ఒకటే కాదు. కొందరు నిజంగానే మందు ముట్టనివారు. కొందరు గర్భిణిగా ఉన్నప్పుడు బిడ్డకు సోకకుండా కొన్నాళ్లు మందులు వాడినవారు. కొందరు హెచ్‌ఐవి రాకుండా ముందుజాగ్రత్తగా మాత్రలు వాడుతూ, మధ్యలో సోకినవారు. మరికొందరు ఎప్పుడో చికిత్స ఆపేసి, ఆ సంగతి చెప్పకుండా కొత్తవారిలా నమోదైనవారు. ఆపేశానంటే ఎక్కడ తిడతారో, ఎక్కడ నిలదీస్తారో అన్న బెరుకు వల్ల పుట్టే మౌనమిది. కొత్తవారమని చెప్పుకున్న కొందరి రక్తంలో హెచ్‌ఐవి మందుల ఆనవాళ్లు దొరికిన పరిశోధనలు ఉన్నాయి. గతంలో ఈ మందులు వాడినవారిలో నిరోధకత, ఎన్నడూ వాడనివారితో పోలిస్తే మూడు రెట్ల వరకు ఎక్కువగా కనిపించిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 నివేదిక చెప్పింది.

గర్భిణుల సంగతి విడిగా చెప్పుకోవాలి, ఎందుకంటే అందులో మేలు, కీడు ఒకే మాత్రలో ఇమిడి ఉన్నాయి. ప్రసవ సమయంలో తల్లికి 200 మిల్లీగ్రాముల నెవిరాపిన్ ఒక్కసారి, పుట్టిన బిడ్డకు ఒక్క మోతాదు ఇస్తే, కొద్దికాలం ఇచ్చే జిడోవుడిన్‌తో పోలిస్తే బిడ్డకు హెచ్‌ఐవి సోకే ప్రమాదం దాదాపు సగానికి తగ్గుతుందని ఉగాండాలో జరిగిన ప్రయోగం 1999లో చూపించింది. ఖర్చు తక్కువ, పద్ధతి సులువు; ఎందరో పసిబిడ్డలు దాని వల్ల బయటపడ్డారు. కానీ నెవిరాపిన్ రక్తంలోంచి చాలా నెమ్మదిగా తొలగుతుంది. ఆ ఒక్క మోతాదు రోజులు, వారాల పాటు తగ్గుతూ తగ్గుతూ మిగిలి ఉంటే, పక్కన ఏ తోడు మందూ లేకుండా వైరస్‌కు అది చక్కటి శిక్షణ శిబిరం అయింది. ఆ తర్వాత ఆ తల్లికే నెవిరాపిన్ ఉన్న పూర్తి చికిత్స అవసరమైతే? ఒక్క మోతాదు తీసుకున్న ఆరు నెలల లోపు చికిత్స మొదలుపెట్టిన తల్లుల్లో మందు ఎక్కువగా విఫలమైందని, ఆరు నెలలు దాటాక మొదలుపెట్టినవారిలో అలాంటి తేడా కనబడలేదని బోట్స్వానా పరిశోధకులు 2007లో ప్రకటించారు. కాలం గడిచేకొద్దీ మూల వైరస్ పైకి వచ్చి, లొంగని వైరస్ అడుగున పడిపోయిందన్నమాట. ఆ ఒంటిమాత్ర పద్ధతిని ఆ తర్వాత మార్గదర్శకాలు వదిలేసి, గర్భిణులందరికీ పూర్తి చికిత్స దిశగా వెళ్లాయి. ఆ పద్ధతి ప్రవేశపెట్టినవారిని ఇప్పుడు తప్పుబట్టడం నాకు న్యాయంగా తోచదు. అప్పటికి చేతిలో ఉన్నది అదే.

మందు తోక అనదగిన ఇదే లక్షణం చికిత్స ఆపేసినప్పుడూ పనిచేస్తుంది. ఎఫావిరెంజ్, లామివుడిన్, జిడోవుడిన్ కలిసిన చికిత్సను ఒక మనిషి ఒకేరోజు ఆపేస్తే, తోడు మందులు రెండూ ముందుగా తగ్గిపోయి ఎఫావిరెంజ్ మాత్రం ఇంకా చాలా రోజులు రక్తంలో తేలుతూ ఉంటుంది. మూడు మందుల చికిత్స తనకు తానే ఒంటిమందు చికిత్సగా మారుతుంది. ఆపడానికి కారణం నిర్లక్ష్యమే కానక్కరలేదు. చికిత్స కేంద్రంలో నిల్వలు నిండుకోవడం, వలస, జైలు, యుద్ధం, వరద, ఏదైనా కావచ్చు. వైరస్‌కు కారణంతో పని లేదు. అందుకే నిరోధకతపై నిఘా పెట్టే కార్యక్రమాలు రోగులు మాత్రలు సమయానికి తీసుకెళ్తున్నారా అన్నదానితో పాటు, కేంద్రాల్లో మందు నిల్వలు ఎన్నిసార్లు నిండుకున్నాయన్నది కూడా ముందస్తు హెచ్చరిక సూచికగా లెక్కిస్తాయి.

పసిబిడ్డల అంకె అన్నింటికన్నా కలవరపెట్టేది. సహారాకు దిగువనున్న పది ఆఫ్రికా దేశాల సర్వేల్లో, కొత్తగా హెచ్‌ఐవి నిర్ధారణ అయిన శిశువుల్లో దాదాపు సగం మందికి ఎఫావిరెంజ్ లేదా నెవిరాపిన్‌కు లొంగని వైరస్ ఉందని 2021 నివేదిక చెప్పింది. అందులో కొంత తల్లి నుంచి నేరుగా వచ్చింది. కొంత, సోకకుండా ఇచ్చిన నెవిరాపిన్ అప్పటికే సోకిన వైరస్ మీద ఒంటరిగా పడటం వల్ల బిడ్డలోనే పుట్టింది. నాలుగు వారాలు నిండి, కనీసం 3 కిలోల బరువున్న పిల్లలకు నీళ్లలో కరిగించి ఇవ్వగల డోలుటెగ్రావిర్ మాత్రకు 2020లో అనుమతి రావడం ఈ నేపథ్యంలో చిన్న విషయం కాదు.

పదిశాతం గీత

కొత్తగా చికిత్స మొదలుపెట్టేవారిలో ఎఫావిరెంజ్ లేదా నెవిరాపిన్‌కు నిరోధకత 10 శాతానికి చేరిన దేశాలు తొలి చికిత్సలో ఆ మందులను అత్యవసరంగా మార్చుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో చెప్పింది. ఆ ఏడాది నివేదికలో సర్వే జరిగిన 11 దేశాల్లో 6 దేశాలు ఆ గీత దాటాయి. 2019 నివేదికలో 18 దేశాల్లో 12, 2021 నివేదికలో 30 దేశాల్లో 21. చాలాచోట్ల పురుషుల్లో కన్నా స్త్రీలలో ఈ శాతం ఎక్కువగా ఉంది. ప్రసవ సమయపు మందుల చరిత్ర తెలిశాక ఇందులో ఆశ్చర్యపోవలసింది లేదు.

ఈ పది అనేది ప్రకృతి గీసిన గీత కాదు. తొమ్మిది శాతం దగ్గర క్షేమం, పదకొండు దగ్గర ప్రమాదం అని దానికి అర్థం లేదు. ఒక దేశం తన మందుల కొనుగోలు ఎప్పుడు మార్చాలో తేల్చుకోవడానికి పెట్టుకున్న గుర్తు అది. ఆ అంకె ఒక వ్యక్తికి ఏమీ చెప్పదు కూడా: ఆ గుంపులో నలుగురిలో ఒకరికి నిరోధకత ఉన్నా, ఎదురుగా కూర్చున్న మనిషి ఆ ఒకరా, మిగతా ముగ్గురిలో ఒకరా అన్నది పరీక్షిస్తేనే తెలుస్తుంది.

మరి అందరినీ పరీక్షిస్తే సరిపోదా? సంపన్న దేశాల మార్గదర్శకాలు అదే చెబుతాయి: హెచ్‌ఐవి నిర్ధారణ అయిన ప్రతి ఒక్కరికీ చికిత్సకు ముందు వైరస్ జన్యువును చదివే జీనోటైప్ పరీక్ష చేయాలని. అక్కడ కూడా ఫలితం వచ్చేదాకా చికిత్స ఆపమని చెప్పవు. నమూనా తీసి, మందు మొదలుపెట్టి, ఫలితం చూసి అవసరమైతే మారుస్తారు. ఈ పరీక్షకు పరికరాలు, నిపుణులు, చెడిపోకుండా నమూనా చేర్చే ఏర్పాటు కావాలి. చికిత్స పొందవలసినవారు లక్షల్లో ఉన్నచోట అది అందుబాటులో లేదు. అదీకాక దాని చూపు పరిమితమైనది. సాధారణంగా వాడే సాంగర్ పద్ధతి, రక్తంలోని వైరస్‌లో 15 నుంచి 20 శాతానికి తక్కువగా ఉన్న రకాలను పట్టుకోలేదు. అంతకన్నా తక్కువ ఉన్నవాటిని కొత్త తరం సీక్వెన్సింగ్ పట్టుకుంటుంది గానీ, ఒక శాతం, రెండు శాతం ఉన్న లొంగని వైరస్ చికిత్సను ఎంత దెబ్బతీస్తుందో అన్ని మందులకూ ఒకే తీరుగా చెప్పలేం. కణాల్లో నిద్రాణంగా ఉన్న పాత మార్పులు ఏ రక్తపరీక్షకూ మామూలుగా అందవు. అంటే ఈ పరీక్షలో “ఉంది” అన్న ఫలితానికి ఉన్నంత బరువు “లేదు” అన్న ఫలితానికి లేదు.

ఇందువల్ల ప్రజారోగ్య కార్యక్రమాలు మరో దారి పట్టాయి. ప్రతి మనిషినీ పరీక్షించి మందు ఎంచుకోవడానికి బదులు, చాలామందిలో ఉన్న నిరోధకతను లెక్కచేయని మందునే అందరికీ ఇవ్వడం ఆ దారి.

గోడ ఎత్తు పెంచిన మందు

2013లో అమెరికాలో అనుమతి పొందిన డోలుటెగ్రావిర్, వైరస్ తన డీఎన్‌ఏను మనిషి కణపు డీఎన్‌ఏలో అతికించడానికి వాడే ఇంటిగ్రేజ్ అనే ఎంజైమును అడ్డుకుంటుంది. ఇది పనిచేసే చోటే వేరు కాబట్టి, నెవిరాపిన్, ఎఫావిరెంజ్‌లను ఓడించిన మార్పులకు దీనిమీద పట్టు లేదు. అంతకన్నా ముఖ్యమైన గుణం, పట్టుకున్న ఎంజైమును ఇది తొందరగా వదలదు. అదే తరగతికి చెందిన పాత మందు రాల్టెగ్రావిర్‌తో పోలిస్తే ఎన్నో రెట్లు ఎక్కువసేపు అంటిపెట్టుకుని ఉంటుంది. దీన్ని తప్పించుకునే ఆర్263కె వంటి మార్పులు వచ్చినా వైరస్ దానివల్ల బలహీనపడుతుంది. కొత్తగా చికిత్స మొదలుపెట్టినవారిపై జరిగిన తొలి పెద్ద ప్రయోగాల్లో, డోలుటెగ్రావిర్ తీసుకుని విఫలమైన కొద్దిమందిలోనూ ఇంటిగ్రేజ్ నిరోధకత పుట్టలేదు. గర్భం తొలిదశలో దీన్ని వాడినవారి బిడ్డల్లో వెన్నుపాము లోపాలు ఎక్కువని 2018లో బోట్స్వానా నుంచి వచ్చిన సంకేతం కొంతకాలం వెనకడుగు వేయించింది. మరింత సమాచారం చేరేకొద్దీ ఆ తేడా తగ్గిపోయింది. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని అందరికీ ప్రాధాన్య చికిత్సగా సిఫారసు చేసింది. టెనోఫోవిర్ 300, లామివుడిన్ 300, డోలుటెగ్రావిర్ 50 మిల్లీగ్రాములు కలిసిన రోజుకొక మాత్ర ఇప్పుడు ఎక్కువ దేశాల్లో తొలి చికిత్స.

తోడు మందులు దెబ్బతిన్నప్పుడు కూడా ఇది నిలుస్తుందా అన్న ప్రశ్నకు ఉగాండా, కెన్యా, జింబాబ్వేల్లో జరిగిన నాడియా ప్రయోగం 2021లో జవాబిచ్చింది. అందులో పాల్గొన్నవారు మొదటి చికిత్స విఫలమైనవారు, చాలామందిలో టెనోఫోవిర్‌కు, లామివుడిన్‌కు లొంగని మార్పులున్నవారు. అయినా 48 వారాలకు డోలుటెగ్రావిర్ తీసుకున్నవారిలో 90 శాతం మందిలో వైరస్ అదుపులోకి వచ్చింది.

ఇక్కడితో కథ సుఖాంతం అనుకోవడానికి అడ్డుపడే సంగతి ఒకటుంది. దక్షిణాఫ్రికాలో జరిగిన అడ్వాన్స్ ప్రయోగపు సమాచారాన్ని 2020లో విశ్లేషించినప్పుడు, చికిత్సకు ముందే ఎన్‌ఎన్‌ఆర్‌టిఐ నిరోధకత ఉన్నవారిలో డోలుటెగ్రావిర్ కూడా కాస్త తక్కువగా ఫలించినట్టు కనిపించింది. ఒక ఎంజైములోని మార్పు వేరే ఎంజైముపై పనిచేసే మందును ఎలా దెబ్బతీస్తుంది? నేరుగా దెబ్బతీస్తుందని నమ్మడం కష్టం. ఆ మార్పు చాలామందిలో, గతంలో చికిత్స మొదలుపెట్టి ఆపేసిన చరిత్రకు వేలిముద్ర అయి ఉండవచ్చని నాకనిపిస్తుంది. ఒకసారి చికిత్సను కొనసాగనివ్వని పరిస్థితులు రెండోసారీ ఉండవచ్చు కదా. అలాగైతే ఆ పరీక్ష ఫలితం వైరస్ గురించి చెప్పినంతగా ఆ మనిషి బతుకు గురించి కూడా చెబుతోంది.

మంచి మందును చెడగొట్టే చిన్న విషయాలు కూడా కొన్ని ఉన్నాయి. డోలుటెగ్రావిర్ లోహ అయాన్లను అంటుకుంటుంది. మెగ్నీషియం, అల్యూమినియం ఉన్న కడుపుమంట మందులతో కలిపి మింగితే రక్తంలోకి సరిగా చేరదు. అలాంటివి వాడేవారు డోలుటెగ్రావిర్‌ను వాటికి రెండు గంటల ముందో, ఆరు గంటల తర్వాతో వేసుకోవాలి. ఐరన్, కాల్షియం మాత్రలతోనూ ఇదే ఇబ్బంది, భోజనంతో కలిపి వేసుకుంటే మాత్రం ఫరవాలేదు. గర్భిణులకు ఈ మాత్రలు దాదాపు తప్పనిసరి కాబట్టి ఇది చెప్పితీరవలసిన సంగతి. క్షయకు వాడే రిఫాంపిసిన్ డోలుటెగ్రావిర్‌ను త్వరగా కరిగించేస్తుంది, అప్పుడు రోజుకు రెండుసార్లు ఇవ్వాలి. ఇలాంటి చోట్ల మందు మోతాదు తగ్గి, వైరస్‌కు సందు దొరుకుతుంది.

నిరోధకత భయంతో చికిత్స ఆలస్యం చేయడం మాత్రం తప్పు లెక్క. చికిత్స లేని ప్రతిరోజూ వైరస్‌కు 1,000 కోట్ల అవకాశాలు. మందు పనిచేస్తోందా లేదా అన్నది చెప్పేది చికిత్స మొదలయ్యాక చేసే వైరల్ లోడ్ పరీక్ష, అంటే రక్తంలో వైరస్ ఎంత ఉందో కొలిచేది. ఆరు నెలలకు, ఏడాదికి చేసే ఆ పరీక్షలో వైరస్ అదుపులో లేదని తేలితే, మాత్రలు సరిగా అందుతున్నాయో లేదో ముందు చూసి, ఆపై నిరోధకత కోసం వెతుకుతారు.

కొత్త మందుల్లో పాత ప్రశ్న

హెచ్‌ఐవి రాకుండా ముందుజాగ్రత్తగా వాడే మందులు పెరుగుతున్నకొద్దీ ఈ చిక్కుకు మరో ముడి పడుతోంది. టెనోఫోవిర్, ఎమ్‌ట్రిసిటబిన్ మాత్రల విషయంలో నిరోధకత ఎక్కువగా పుట్టేది, అప్పటికే వైరస్ సోకి పరీక్షకు ఇంకా చిక్కని దశలో వాటిని మొదలుపెట్టినవారిలో. రెండు నెలలకొకసారి ఇచ్చే కాబోటెగ్రావిర్ ఇంజెక్షన్ డోలుటెగ్రావిర్‌కు దగ్గరి బంధువు; దాన్ని వాడుతుండగా అరుదుగా సోకితే, మందు వైరస్‌ను సగం అణచి ఉంచడం వల్ల మామూలు పరీక్షలు ఆలస్యంగా పట్టుకుంటాయి, ఈలోగా ఇంటిగ్రేజ్ నిరోధకత పుట్టవచ్చు. ఆరు నెలలకొకసారి ఇచ్చే లెనకాపావిర్ వైరస్ జన్యువును చుట్టి ఉండే పెంకుపై పనిచేసే కొత్త తరగతి మందు. 2025లో నివారణకు అనుమతి పొందింది. దాని ప్రయోగాల్లో సోకినవారు వేళ్లమీద లెక్కపెట్టేంత మందే, అయితే ఆ కొద్దిమందిలోనూ ఎన్74డి అనే నిరోధక మార్పు కనిపించింది. ఈ మందులు కాపాడేవారి సంఖ్యతో పోలిస్తే ఈ ఉదంతాలు చాలా స్వల్పం. వాటిని దాచాల్సిన పని లేదు, చూపించి భయపెట్టాల్సిన పనీ లేదు.

డోలుటెగ్రావిర్ విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 నివేదిక ఇచ్చిన అంకెలు పత్రికల్లో ఒకింత అలజడి రేపాయి: నిరోధకత 3.9 నుంచి 8.6 శాతం వరకు, అధిక వైరల్ లోడ్‌తో ఉండగానే పాత మందుల నుంచి దీనికి మారినవారిలో 19.6 శాతం వరకు. ఇవి కొత్తగా చికిత్స మొదలుపెట్టేవారి అంకెలు కావు. అదివరకే చికిత్సలో ఉన్నవారికి సంబంధించిన పరిశీలనల నుంచి వచ్చినవి. కొత్తవారిలో ఇంటిగ్రేజ్ నిరోధకత ఇప్పటికి అరుదే. అయితే ఈ రెండు గుంపుల మధ్య గోడ లేదు, కొంత కాలవ్యవధి మాత్రమే ఉంది. జిడోవుడిన్ విషయంలో ఆ వ్యవధి కొన్నేళ్లే. కొత్తవారిలో కనిపించే నిరోధకత, వారిని ఎన్నడూ చూడని ఇంకెందరి చికిత్సో కొన్నేళ్ల కిందట ఎలా సాగిందో చెప్పే ఆలస్యపు సమాచారం. గతంలో సర్వేలు రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్, ప్రొటియేజ్ (వైరస్‌కే చెందిన మరో ఎంజైము) జన్యువులను మాత్రమే చదివి ఊరుకునేవి. ఇప్పుడు చికిత్స మొదలుపెట్టే మనిషి నుంచి తీసిన నమూనాలో ఇంటిగ్రేజ్ జన్యువును కూడా చదవాలని మార్గదర్శకాలు చెబుతున్నాయి.